చెన్నైలో కాలేజీ డాన్స్ టీమ్‌లో చేరితే మనవాళ్లు దొరుకుతారా? నా అనుభవం

అనంతపురం నుంచి చెన్నై వచ్చి రెండు నెలలైనా క్లాసు, హాస్టలు తప్ప ఎవరూ తెలీదనీ, క్లాసికల్ రాదు కాబట్టి డాన్స్ టీమ్‌లో చేరాలా వద్దా అనీ అడిగారు. చేరండి. కాకపోతే తెలుగువాళ్లు దొరుకుతారని మాత్రం చేరకండి. నాకు దొరకలేదు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. టీమ్‌లో 14 మంది ఉంటే తెలుగువాళ్లం ఇద్దరమే. ఆ రెండో అమ్మాయి ఇక్కడే అన్నానగర్‌లో పుట్టి పెరిగింది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. సెలక్షన్లో నేను సినిమా పాటకి చేశాను. మిగతావాళ్లు చిన్నప్పటి నుంచీ భరతనాట్యం నేర్చుకున్నవాళ్లు. అరమండిలో (మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమ) కూర్చుంటే వాళ్ల మోకాళ్లు పక్కలకి తెరుచుకుంటాయి, నావి ముందుకి పొడుచుకొస్తాయి. అయినా తీసుకున్నారు, వెనక వరసకి.

నెల రోజులు ముభావంగానే గడిచాయి. ఒక రోజు ప్రాక్టీస్ అయ్యాక మా సీనియర్ అక్క (తమిళంలోనూ అక్క అక్కే, అదొక సుఖం) ఫోన్‌లో వీడియో చూస్తూ క్షేత్రయ్య పదం (మువ్వగోపాలుడి మీద ఆయన రాసిన తెలుగు పాట) ఒకటి సొంతంగా నేర్చుకుంటోంది. "మువ్వగోపాల అంటే గజ్జెలు కట్టుకున్న కృష్ణుడా?" అని అడిగింది. మువ్వ అంటే గజ్జె కూడా, కానీ ఇక్కడది ఊరి పేరు, కృష్ణా జిల్లాలో కూచిపూడి పక్కనే ఉండే మొవ్వ అని చెప్పాను. ఇక వదల్లేదు, మాట మాటకీ అర్థం అడిగింది. నిజం చెప్పాలంటే సగం మాటలు నాకూ తెలీవు. మా అమ్మమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

అప్పుడు బయటపడిందేమిటంటే, ఆ పాటలో ఒక వాక్యమంతా అక్క కృష్ణుడి వైపు చూస్తూ అభినయిస్తోంది. చివర "వే" ఉంది కదా, అది మీ "వాడీ"లో "డీ" లాంటిది, చెలికత్తెతో చెబుతోంది అన్నాను. ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలుపెట్టి, ఈసారి చూపు ఎడమ పక్కకి, కాస్త కిందికి తిప్పింది. అక్కడ నిజంగా ఎవరో కూర్చున్నట్టే ఉంది. పుట్టినప్పటి నుంచీ వాడుతున్న ఆ "వే"ని నేను పట్టించుకున్నది ఆ రోజే.

అక్కది తంజావూరు వైపు. అక్కడి మెలట్టూరు అనే ఊళ్లో భాగవతమేళ అనే పాతకాలపు నృత్య నాటకాలు ఇప్పటికీ తెలుగులోనే ఆడతారని తనే చెప్పింది. ఆ మాట ఒక తమిళమ్మాయి నోట వినాల్సి రావడం నాకు కొంచెం సిగ్గనిపించింది.

తర్వాత ఉగాదికి జడ కోలాటం వేద్దామన్నాను. "అది మా పిన్నల్ కోలాట్టం కదా" అన్నారు. ఎవరిదని గంటసేపు కొట్లాట. చివరికి హాల్లో దూలానికున్న కొక్కేనికి ఎనిమిది రంగుల గుడ్డ తాళ్లు కట్టాం. నలుగురు కుడికి, నలుగురు ఎడమకి, ఒకరి పైనుంచి ఒకరి కిందనుంచి దూరుతూ తిరిగితే పైన జడ అల్లుకుంటుంది. అదే వరసలో వెనక్కి తిరిగి విప్పాలి. ఒకటి, రెండు అని నేను, ఒణ్ణు, రెండు అని వాళ్లు లెక్కపెడుతుంటే అంతా గందరగోళం. చివరికి తకధిమికి అందరం ఒప్పుకున్నాం. అయినా స్టేజి మీద విప్పేటప్పుడు నేను కింద దూరాల్సిన చోట పైనుంచి వెళ్లాను. ముడి పడింది. పాట అయిపోయింది, మేం ఇంకా విప్పుతూనే ఉన్నాం, జనం చప్పట్లతో తాళం వేశారు.

తెలుగు సంఘాలు వద్దనను, ఉగాది పచ్చడి అక్కడే తిన్నాను. కానీ ఏడాదికి రెండుసార్లు కలిసేవాళ్లకీ, రోజూ సాయంత్రం మీ చెమట కంపు భరించేవాళ్లకీ తేడా ఉంటుంది.

క్లాసికల్ గురించి బెంగ వద్దు, ఆసక్తి పుడితే ఈ ఊళ్లోనే నేర్చుకోవచ్చు. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది చెన్నైలోనే. అసలు టెన్షన్ అటెండెన్స్‌తో. ప్రాక్టీస్‌కీ పోటీలకీ ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే క్లాసుకి రాకపోయినా హాజరు వేయడం) ఇస్తారా, ఎన్ని రోజులిస్తారు అని చేరేముందే సీనియర్లని అడగండి. మా టీమ్‌లో ఒకబ్బాయి అడక్కుండా చేరి, పరీక్షల ముందు హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గది బయట వారం రోజులు నిలబడ్డాడు.