అతుకు ఆగుతుంది, ఊపిరి ఆగదు

బిడ్డా,

మిర్యాలగూడలో షటరు తీసుకుని అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) షోకేసులు చేస్తావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల సొంతంగా దుకాణం పెట్టడం ఇదే మొదలు. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పలకల అంచుల్ని కరిగించి అతికించే సాల్వెంట్, మిథిలీన్ క్లోరైడ్ డబ్బా గుర్తొచ్చాక అసలే పట్టలేదు.

కోత నీకు తెలిసిందే. అంచుని నీళ్ల కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) చదును చెయ్యి, మూల గుండ్రం కానివ్వకు. మంటతో మెరుగు పెట్టిన అంచుకి సాల్వెంట్ తగిలితే సన్నని పగుళ్లు లేస్తాయి. అతుకు దగ్గర పలకకి అంటి ఉన్న పైకాగితం వెనక్కి వలిచెయ్యి.

అతుకులో పడే గాలిబుడగల గురించి అడిగావట. నిలబెట్టిన పలక కింద అక్కడక్కడా సన్నని తీగముక్కలు పెట్టు. సిరంజితో ఒక కొస నుంచి ఆపకుండా వదిలితే సాల్వెంట్ తనే సందులోకి పాకుతుంది, గాలిని ముందుకు తోస్తుంది. అర నిమిషం ముట్టుకోకు. అంచు మెత్తబడ్డాక తీగలు లాగు. పలక తన బరువుతోనే దిగి మిగిలిన గాలిని బయటికి పంపుతుంది. చేత్తో అదిమావో, సాల్వెంట్ బయటికి పోయి లోపల ఎండు మచ్చలు పడతాయి. ఒక రోజంతా కదిలించకు.

నేను నల్లగొండలో పని నేర్చుకున్నచోట వానాకాలంలో అతుకులు తెల్లబారేవి. సాల్వెంట్ ఆరుతూ ప్లాస్టిక్‌ను చల్లబరిస్తే, గాలిలోని తేమ దానిమీద చేరుతుంది. యజమాని అది ఈదురుగాలి వల్ల అనుకుని తలుపులు మూయించి, ఫ్యాను ఆపించేవాడు. అతుకులు బాగుపడలేదు. నేలమీద కూర్చుని పనిచేసే పిల్లగాడు ఒకరోజు పలకమీదికి ఒరిగిపోయాడు. ఆ సాల్వెంట్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే నిలుస్తుంది. ఒంట్లోకి పోయాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. బయటికి మోసుకొచ్చాక కళ్లు తెరిచి, 'షీటు పగిలిందా?' అని అడిగాడు. మీసాలు కూడా రాలేదు వానికి.

2024లో అమెరికా ఆ సాల్వెంట్‌ను చాలా పనుల్లో వాడకుండా నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. ఇక్కడ ఇంకా డబ్బాల్లో దొరుకుతుంది కాబట్టి నా భయం. నేలమీద కూర్చోకు, బల్ల వేసుకో. మామూలు రబ్బరు గ్లోవ్స్‌ను నమ్మకు, చర్మానికి తగలనివ్వకు. ముసురు పట్టిన రోజు అతికించే పని పెట్టుకోకు. కస్టమర్ తొందరపెడితే ఆర్డరు పోనీ, నువ్వు మాత్రం షటరు దించి పనిచేశావని తెలిస్తే నేనే వచ్చి తాళం వేస్తా.

వెనక కిటికీ ఉందా? లేకపోతే అడ్వాన్స్ ఇవ్వకముందే ఓనరుతో మాట్లాడి గోడకి కింది భాగంలో రంధ్రం పెట్టించు. ఎగ్జాస్ట్ ఫ్యాను డబ్బులు నేను పంపుతాను.

మీ పెద్దనాయన