పాఠకుల ప్రశ్నలు: ఓడలో ఖరీదైన సూట్ (విశాలమైన పెద్ద గది) తీసుకుంటే దక్కేదేమిటి?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. మా పెళ్లయి 40 ఏళ్లు నిండుతున్నందుకు మమ్మల్ని ఓడ ప్రయాణానికి పంపుతానంటున్నాడు. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు క్యునార్డ్ వారి క్వీన్ మేరీ 2లో క్వీన్స్ గ్రిల్ సూట్ ఒకటి, ఫ్లోరిడా నుంచి కరీబియన్ దీవులకు నార్వేజియన్ క్రూయిజ్ లైన్ సంస్థ వారి నార్వేజియన్ ఎస్కేప్‌లో ‘హేవెన్’ సూట్ ఒకటి చూసిపెట్టాడు. రెండూ 7 రాత్రుల ప్రయాణాలే. మొదటిదాంట్లో సాయంత్రాలు కోటు వేసుకోవాలట, రెండోదాంట్లో ఎలా ఉన్నా అడిగేవారు లేరట. మావారికి కోటంటే గిట్టదు. మేమిద్దరం శాకాహారులం, గుడ్డు కూడా తినం. అంత డబ్బు పోసి సూట్ తీసుకున్నప్పుడు ఈ రెండింటికీ అసలు తేడా ఎక్కడ ఉంటుంది?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గది లోపల చూస్తే పెద్ద తేడా కనిపించదు. రెండింటిలోనూ విశాలమైన పడక, కూర్చునే చోటు, మంచి స్నానాల గది, బాల్కనీ, పిలిస్తే పలికే బట్లర్ ఉంటారు. గది తలుపు తీసుకుని బయట అడుగు పెట్టాక ఆ సూట్ మిమ్మల్ని ఎక్కడికి తీసుకువెళుతుందన్న దగ్గరే అసలు తేడా మొదలవుతుంది.

క్యునార్డ్ 1840లో అట్లాంటిక్ మీదుగా తపాలా మోసే ఓడలతో మొదలైన సంస్థ. ప్రయాణికులను తరగతుల వారీగా కూర్చోబెట్టిన ఆ కాలపు పద్ధతి ఛాయలు భోజనశాలల్లో ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. ఏ గది తీసుకున్నారన్నదాన్ని బట్టి ఏ భోజనశాలలో తింటారన్నది నిర్ణయమవుతుంది, క్వీన్స్ గ్రిల్ అన్న పేరు కూడా ఆ సూట్లకు భోజనశాల నుంచి వచ్చినదే. మామూలు గదుల వారు బ్రిటానియా అనే పెద్ద శాలలో, చాలావరకు రెండు పంక్తులుగా, నిర్ణీత సమయానికి భోంచేస్తారు. మీకు మాత్రం ప్రయాణం పొడవునా ఒకే బల్ల కేటాయిస్తారు, భోజనవేళల్లో ఎప్పుడు వెళ్లినా అది మీకోసం ఖాళీగానే ఉంటుంది, వడ్డించేవారూ మారరు. మీరు ఏం తింటారో, ఏది పక్కన పెడతారో మూడో రోజుకల్లా వారికి తెలిసిపోతుంది. ఇది కాక గ్రిల్ ప్రయాణికులకే ప్రత్యేకించిన లాంజ్, వెనకవైపు ఒక డాబా ఉంటాయి. అంతటితో ప్రత్యేకత అయిపోతుంది. నాటకశాల, నృత్యమందిరం, గ్రంథాలయం, ప్లానెటోరియం అందరివీ, కాబట్టి ఓడ మర్యాద కూడా అందరికీ ఒకటే. సాయంత్రం 6 దాటాక దుస్తుల నియమం చిన్న గదివారికి ఎంత వర్తిస్తుందో, పెద్ద సూట్ వారికీ అంతే వర్తిస్తుంది, డబ్బు ఎక్కువ కట్టారని ఎవరూ సడలించరు.

నార్వేజియన్ దారి ఇందుకు పూర్తిగా వేరు. ఆ సంస్థ 2000లో నిర్ణీత భోజన సమయాలనూ, కేటాయించిన బల్లలనూ, తప్పనిసరి దుస్తులనూ తీసేసి, దానికి ‘ఫ్రీస్టయిల్’ అని పేరు పెట్టుకుంది. స్వేచ్ఛ బాగానే ఉంటుంది గానీ, 4,000 మందికి పైగా ఎక్కే ఎస్కేప్ వంటి ఓడలో ఆ స్వేచ్ఛ అందరిదీ కావడంతో ఈతకొలను చుట్టూ కుర్చీలకూ, లిఫ్టులకూ, రేవులో దిగడానికీ జనం కిక్కిరిసిపోతారు. ఆ రద్దీకి విరుగుడుగా కట్టినదే హేవెన్. పై అంతస్తుల్లో, మీ కార్డు చూపితేనే తెరుచుకునే తలుపు వెనక, తెరిచి మూసే పైకప్పు కింద ఒక చిన్న కొలను, పడక కుర్చీలు, విడిగా భోజనశాల, బార్ ఉంటాయి. రేవు చేరిన ఉదయం కింద జనం మెట్ల మీద బారులు తీరి నిలబడి ఉండగా, హేవెన్ వారిని ఒక ఉద్యోగి వేరే దారిలో నేరుగా దిగే వంతెన దగ్గరికి తీసుకువెళ్లి దింపుతారు. ఆ పది నిమిషాలు చూస్తే చాలు, డబ్బు దేనికి కట్టారో తెలిసిపోతుంది. క్యునార్డ్‌లో సూట్ మీకు ఓడలో ఒక స్థానం ఇస్తుంది, నార్వేజియన్‌లో ఓడ నుంచే కొంత దూరం ఇస్తుంది.

ప్రయాణమార్గాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అట్లాంటిక్ దాటేటప్పుడు నడుమ రేవులేవీ ఉండవు, వారమంతా నీళ్లే. పడమటికి వెళుతున్నారు కనుక 5 రాత్రులు గడియారం ఒక్కో గంట వెనక్కి తిప్పుతారు, అంటే 25 గంటల రోజులు వస్తాయి, పెద్దవయసు వారికి విమాన ప్రయాణపు బడలిక లేకుండా న్యూయార్క్ వేళకు ఒళ్లు అలవాటు పడుతుంది. క్వీన్ మేరీ 2ని ఈ సముద్రం దాటడానికే లోతైన అడుగుభాగంతో కట్టారు, అందువల్ల గాలివానలో కూడా మిగతా ఓడలకన్నా నిలకడగా సాగుతుంది. అయితే చలిగాలి వల్ల వేసవిలో తప్ప బాల్కనీలో కూర్చోవడం తక్కువే, దానికోసమే పై మెట్టు సూట్‌కు ఎగబాకడం నాకు దండగనిపిస్తుంది. కరీబియన్‌లో బాల్కనీ, కొలను రోజూ పనికొస్తాయి గానీ, రేవు రోజుల్లో మీరు సూట్‌లో ఉండేది తక్కువ.

ఇక కోటు సంగతి. 7 రాత్రుల ప్రయాణంలో క్యునార్డ్‌లో సాధారణంగా 2 గాలా రాత్రులు, అంటే అందరూ లాంఛనంగా ముస్తాబయ్యే సాయంత్రాలు ఉంటాయి, ఆ రోజుల్లో మగవారికి టక్సీడో (విందులకు బో టైతో వేసుకునే నల్ల కోటు) గానీ టైతో ముదురురంగు కోటు గానీ కావాలి. ఆయా దేశాల లాంఛనమైన జాతీయ దుస్తులు కూడా చెల్లుతాయి కనుక, మీవారికి మెడపట్టీ ఉన్న జోధ్‌పురి కోటు కుట్టిస్తే టై బాధ తప్పుతుంది. మీ పట్టుచీర ఏ గాలాకైనా నిండుగా సరిపోతుంది, మీరు ఏమీ కొనక్కరలేదు. మిగతా రాత్రుల్లో టై లేకుండా కాలర్ చొక్కా మీద కోటు వేసుకుంటే చాలు. ఏ రాత్రయినా ఓపిక లేదంటే గ్రిల్ భోజనాన్నే ఒక్కొక్క వంటకంగా సూట్‌కు తెప్పించుకోవచ్చు. వారం పొడవునా అలాగే చేస్తానంటే మాత్రం, ఆ సూట్‌లో విలువైనది ఆ బల్లే కనుక, మీరు కట్టినదాంట్లో పెద్ద వాటా వదులుకున్నట్టే.

భోజనం విషయంలో గ్రిల్ మేలు. ముందు రోజు చెబితే పట్టికలో లేని వంటకమైనా వండిపెట్టే ఆనవాయితీ అక్కడ ఉంది. ఎక్కిన మొదటి సాయంత్రమే భోజనశాల పెద్దను కలిసి ‘శాకాహారం’ అని ఊరుకోకుండా గుడ్డు, చేప, మాంసపు రసం వద్దని విడివిడిగా చెప్పండి, పాశ్చాత్యుల శాకాహారంలో గుడ్డు మామూలే. ఆవకాయ జాడీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇంట్లో వండినవి ఓడల్లోకి రానివ్వరు, కంపెనీ సీలు ఉన్న పొడులు, పొట్లాలు నయం.

వీసాల సంగతి అబ్బాయి మరిచిపోయి ఉండవచ్చు. సౌతాంప్టన్‌లో ఎక్కాలంటే భారత పాస్‌పోర్టు వారికి బ్రిటన్ వీసా, న్యూయార్క్‌లో దిగడానికి అమెరికా వీసా రెండూ కావాలి. ఫ్లోరిడా ప్రయాణం అమెరికా వదిలి మళ్లీ అక్కడికే వచ్చేది కనుక, పలుమార్లు ప్రవేశానికి వీలున్న వీసా ఉండాలి, దారిలో తగిలే ఒక్కో దీవి నిబంధన కూడా చూసుకోవాలి.

నా మొగ్గు క్వీన్ మేరీ 2 వైపే. హేవెన్‌లో కొనేది రద్దీ నుంచి తప్పించుకునే వీలు, ఈతకొలను దగ్గర గడపని దంపతులకు అందులో సగం వాడకుండానే మిగిలిపోతుంది. మనవలు కూడా వస్తున్నారంటే నా జవాబు మారుతుంది, పిల్లలు ఓడంతా తిరిగి అలసి వచ్చి నిద్రపోవడానికి హేవెన్‌ను మించినది లేదు. ఒకవేళ బట్లర్ అక్కర్లేదనుకుంటే, ఒక మెట్టు కింద ఉన్న ప్రిన్సెస్ గ్రిల్ కూడా అడగమనండి. గది కొంత చిన్నది, 506 చదరపు అడుగులకు బదులు 381 వస్తాయి. విడి భోజనశాల, నిలకడైన బల్ల, లాంజ్ మాత్రం అక్కడా ఉంటాయి.

ప్రశ్న: నార్వేజియన్‌లో ‘క్లబ్ బాల్కనీ సూట్’ అని చాలా తక్కువ ధరకు వస్తోంది. హేవెన్ సౌకర్యాలు ఇందులో ఉంటాయా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉండవు. అది ఇదివరకు ‘మినీ సూట్’ అని అమ్మిన, మామూలు బాల్కనీ గదికన్నా కాస్త పెద్ద గది మాత్రమే. పేరులో ‘హేవెన్’ అన్న మాట ఉంటేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. దీనికి తిరకాసు కూడా ఉంది. హేవెన్ పేరుతోనే అమ్మే కొన్ని ‘పెంట్‌హౌస్’ సూట్లు ఆ ప్రత్యేక భాగంలో కాక, ఓడ ముందో వెనకో ఉంటాయి. సౌకర్యాలన్నీ వర్తిస్తాయి గానీ ప్రతిసారీ జనం మధ్యనుంచి నడిచి వెళ్లాలి, కనుక గది ఏ అంతస్తులో ఎక్కడ ఉందో పటంలో చూశాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: సూట్ తీసుకున్నాక కూడా టిప్పులు విడిగా ఇవ్వాలా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: రెండు సంస్థలూ మనిషికి రోజుకు ఇంతని సేవా రుసుము ఖాతాలో వేస్తాయి, అది సూట్లకు మామూలు గదులకన్నా ఎక్కువ. నార్వేజియన్‌లో ఆ రుసుములో బట్లర్ వాటా, కాన్సియర్జ్ (సూట్ వారి పనులు చూసిపెట్టే ఉద్యోగి) వాటా లేవు కనుక, బాగా చూసుకున్నారనిపిస్తే చివరి రోజు వారికి విడిగా చేతికివ్వడం వాడుక. అందుకు డాలర్ నోట్లు ఇంటి దగ్గరే కవర్లలో సర్దుకుని వెళ్లండి.