స్పిన్‌లో సున్నా, బాక్సింగ్‌లో ఆవు దాటిపోవడం: సమాధానం

ఇంటి దగ్గర బాగా తిరిగే గుర్రం టెక్సస్ గుర్రపు స్వారీ షోలో నాలుగు స్పిన్లు (ఉన్నచోటే చుట్టు తిరగడం) దాటి తిరిగి సున్నా తెచ్చిందని, బాక్సింగ్‌లో (ఒక ఆవును మైదానం ఒక చివరే ఆపి ఉంచడం) ఆవు తప్పించుకుపోతోందని అడిగారు కదండీ.

ఎన్‌ఆర్‌హెచ్‌ఏ (రీనింగ్ అనే స్వారీ పోటీల సంఘం) లెక్కలో ఎనిమిదో వంతు చుట్టు వరకు తేడాకు అర పాయింటు, పావు వరకు ఒక పాయింటు పోతుంది. పావు దాటితే మొత్తం స్కోరే సున్నా. అంటే వేగం కోసం ఆశపడి ఓడిపోవడం దండగ. మొదలుపెట్టేముందు గుర్రం చెవుల మధ్య నుంచి కంచెలో ఒక గుంజ గుర్తు పెట్టుకోండి. నాలుగో చుట్టులో ఆ గుంజ ఎదురుకు రాకముందే గుర్రం పక్కన నొక్కిన కాలు తీసి, ఆగమని "హో" అని, కళ్లెం పట్టిన చెయ్యి కిందికి దించండి. చుట్టు పూర్తయ్యాక చెబితే ఆలస్యమే. ఇంట్లో ఎప్పుడూ నాలుగే తిప్పకండి. ఒకసారి రెండు, ఇంకోసారి ఆరు. లేదంటే ఎప్పుడు ఆగాలో గుర్రమే తేల్చుకుంటుంది.

ఆవు దగ్గర మీ ఇబ్బందల్లా ఎంత దూరంలో ఉండాలన్నదే. మరీ మీదికి వెళ్తే అది బెదిరి గుర్రం పక్కనుంచి దూరిపోతుంది. మళ్లించాలంటే గుర్రం ముక్కు ఆవు కన్ను కంటే ముందుండాలి. భుజం దగ్గరే ఉంటే తరుముతున్నట్టే. ఆవు ఆగగానే మీరూ ఆగండి, గుర్రం బరువు వెనక కాళ్లమీదికి వచ్చాకే తిప్పండి. ముందుకు వాలి తిరిగితే తొలి అడుగే ఆలస్యమై, ఆ సందులోనే ఆవు జారుకుంటుంది.

షోకి ముందు వారం నెమ్మదైన ఆవుతోనే చేయించండి.