ఇంగ్లిష్ పాకెట్ వాచీ గొప్పదనం డయల్ మీద పేరులో లేదు, లోపలి చైన్‌లో ఉంది

ప్రశ్న: పాత ఇంగ్లిష్ పాకెట్ వాచీల్లో అంత గొప్పేముంది? స్విస్ వాచీల ముందు నిలుస్తాయా? ఒకటి కొనొచ్చా?

ముందు ఈ స్విస్ గోల సంగతి తేల్చుకుందాం. మీ నాన్నగారి హెచ్ఎంటీ దగ్గర్నుంచి లక్షలు పోసి కొనే స్విస్ వాచీ దాకా, కీ ఇచ్చే వాచీల్లో దాదాపు అన్నీ నడిచేది లివర్ పద్ధతి మీదే, అంటే స్ప్రింగ్ బలాన్ని టిక్కు టిక్కుకీ కొద్దికొద్దిగా వదిలే ఏర్పాటు. దాన్ని 1750ల్లో కనిపెట్టింది లండన్‌లో థామస్ మడ్జ్ అనే గడియారాల పనివాడు. పెళ్లిలో ఫారిన్ వాచీ పెట్టలేదని అలిగే అల్లుళ్లకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

నేనుండేది ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో. ఒకప్పుడు ఇక్కడ వీధులకి వీధులు వాచీ పనివాళ్లే. చాపెల్‌ఫీల్డ్స్ వైపు వెళ్తే, వెలుతురు కోసం పెద్ద కిటికీలు పెట్టి కట్టుకున్న వాళ్ల ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. ఆ పిచ్చితోనే పాత సామాన్ల సంతలో ఒక వెండి పాకెట్ వాచీ కొన్నాను. ఆగిపోయి ఉంది. రిపేరుకని ఒక షాపుకి తీసుకెళ్తే, కౌంటర్లో కుర్రాడు మూత కూడా తీయకుండా “దీంట్లో బ్యాటరీ మెషిన్ వేయించుకోండి” అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

చివరికి ఇంట్లోనే రిపేర్లు చేసుకునే ఒక పెద్దాయన దొరికారు. పక్కన కూర్చుని చూడనిచ్చారు, అదీ నా అదృష్టం. వెనక మూత తీయగానే బంగారు పూత పూసిన ఇత్తడి ప్లేటు. అటూ ఇటూ ఊగుతూ వేగం నిలిపే బాలెన్స్ చక్రం మీద కప్పిన చిన్న బిళ్ల నిండా చేత్తో చెక్కిన ఆకులు, తీగలు. జేబులో పెట్టుకునేవాడు దాన్ని రోజూ చూస్తాడా ఏమన్నానా? అయినా చెక్కారు. ఆయన స్ప్రింగ్ బిగువు నెమ్మదిగా వదిలించి, పట్టకారుతో ఒక చైన్ బయటికి లాగి తెల్ల కాగితం మీద పరిచారు. మామూలు కంటికి అదొక నల్లటి గీత. భూతద్దం పెట్టి చూస్తే అచ్చం సైకిల్ చైన్. లింకు లింకుకీ రివెట్! ఎక్కడో ఒక లింకు తెగింది, అందుకే వాచీ ఆగింది.

ఆ చైన్ ఎందుకంటే, స్ప్రింగ్ నిండా కీ ఇచ్చినప్పుడు గట్టిగా లాగుతుంది, విప్పుకునేకొద్దీ బలం తగ్గుతుంది. అలా వదిలేస్తే వాచీ ఒక వేగంతో నడవదు. అందుకని శంకువు ఆకారంలో గాడులున్న ఒక కప్పీకి చైన్ చుడతారు. దాన్ని ఫ్యూజీ అంటారు. స్ప్రింగ్ బలంగా ఉన్నప్పుడు చైన్ సన్నటి కొస నుంచి లాగుతుంది, నీరసించాక వెడల్పు వైపు నుంచి. దాంతో చక్రాలకి అందే బలం దాదాపు ఒకేలా ఉంటుంది.

ఈ చైన్లు చాలావరకు తయారైంది అప్పట్లో హాంప్‌షైర్‌లో, ఇప్పుడు డోర్సెట్‌లో ఉన్న క్రైస్ట్‌చర్చ్ అనే ఊళ్లో. చేసింది ఆడవాళ్లు, ఆడపిల్లలు. కళ్లు పోగొట్టుకునే పని అది. వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. డయల్ మీద మాత్రం అమ్మిన పెద్దమనిషి పేరు దర్జాగా ఉంటుంది. ఇంకా నునుపు చేయని లోపలి మెషిన్లు అప్పటి లాంకషైర్‌లోని ప్రెస్కాట్‌లో చేసేవాళ్లు, నునుపు పని, బిగింపు లండన్ క్లార్కెన్‌వెల్‌లోనో, మా కొవెంట్రీలోనో. ఒక వాచీ ఎన్ని ఇళ్లు తిరిగేదో! కాబట్టి “ఇది ఫలానా ఆయన చేసిన వాచీ” అని ఎవరైనా అంటే నేను సగమే నమ్ముతాను.

పేరున్నవాళ్లకి మాత్రం సుఖం దక్కిందా? జాన్ హారిసన్ అనే ఇంగ్లిష్ గడియారాల పనివాడు చేసిన నాలుగో సముద్ర గడియారం 1761లో ఓడెక్కి జమైకా చేరేసరికి ఆలస్యమైంది సుమారు 5 సెకన్లు. సముద్రంలో సరైన టైమ్‌ని బట్టి రేఖాంశం కనుక్కోవడానికి అంతకన్నా ఏం కావాలి? అయినా బహుమతి డబ్బు కోసం కమిటీలవాళ్లు ఆ ముసలాయన్ని తిప్పించుకుంటూనే ఉన్నారు. సగం ముందు ఇచ్చినా, మిగతా పెద్ద మొత్తం చేతికొచ్చేసరికి 1773, ఆయనకి 80 ఏళ్లు. ఆఫీసుల చుట్టూ తిరగడం మనకే రాసిపెట్టి ఉందనుకుంటాం!

మరి ఇంత పనితనం ఎందుకు పోయిందంటారా? మొండితనం. ఇంగోల్డ్ అనే స్విస్ ఆయన యంత్రాలతో వాచీలు చేద్దామని లండన్ వస్తే, వ్యాపారులు, పనివాళ్లు అడ్డం పడ్డారు, 1843లో పార్లమెంటులో ఆయన పెట్టబోయిన కంపెనీ బిల్లు వీగిపోయింది. తర్వాత అమెరికా, స్విట్జర్లాండ్ చౌకగా చేసి బజారంతా పట్టుకుపోయాయి. మళ్లీ పరువు నిలబెట్టింది ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లిష్ వాచీ పనివాడు జార్జ్ డేనియల్స్. వాచీలో దాదాపు ప్రతి భాగమూ తన చేత్తోనే చేసేవాడు. లివర్ పద్ధతికి బదులు ఆయన కనిపెట్టిన కో-యాక్సియల్ పద్ధతిని 1999లో వాడుకోవడం మొదలెట్టింది ఎవరనుకున్నారు? స్విస్ కంపెనీ ఒమేగా!

కొనొచ్చా అంటే, కొనండి. కేసు లోపల నడుస్తున్న సింహం ముద్ర ఉంటే అది ఇంగ్లండ్‌లో పరీక్షించిన అసలు వెండి. చిరుతపులి తల ఉంటే లండన్ ముద్ర, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌ది. కానీ ముందు చైన్ ఉందో లేదో చూపించమనండి. వెండి ధర పెరిగినప్పుడల్లా కేసు కరిగించి, లోపలి మెషిన్ విడిగా అమ్మేసే మహానుభావులు ఉంటారు, వాళ్ల జోలికి వెళ్లొద్దు. తాళంచెవితో కీ ఇచ్చేటప్పుడు ఎటు తిప్పాలో అమ్మేవాణ్ణి అడిగి మరీ తిప్పండి. బలవంతం చేశారా, ఆ చైన్ అతికే మనిషిని వెతుక్కోవడానికి మీకు నాకంటే ఎక్కువ టైమ్ పడుతుంది.