కౌలు కార్డుకి ఆసామి సంతకం పెట్టనంటే

కౌలురైతుగా మిమ్మల్ని గుర్తించే కౌలు కార్డు కోసం సంతకం అడిగితే, వచ్చే ఏడు పొలం వేరేవాళ్లకిస్తానని మీ ఆసామి బెదిరించాడని రాశారు. చదివితే కడుపు మండింది. పెట్టుబడీ కష్టమూ మీవి, నష్టపరిహారం మాత్రం ఆయన ఖాతాలో పడుతోంది!

కార్డిస్తే భూమి చేజారుతుందనే ఆయన భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఒప్పందం 11 నెలలకే, మీ హక్కు పంటపైనే, భూమిపై కాదు. యాజమాన్యానికి ఢోకా లేదు. ఈ మాట మీరు చెబితే వినడు, వీఆర్వో చేత చెప్పించండి. ఒంటరిగా మాత్రం వెళ్లకండి. ఆయన పొలాలు చేస్తున్న కౌలుదార్లంతా ఒకేరోజు కలిసి వెళ్లండి. ఒక్కరినైతే తేలిగ్గా మాన్పించేస్తాడు, అందరినీ మాన్పిస్తే సాగు చేసేదెవరు?

అప్పటికీ ఒప్పుకోకపోతే నలుగురి నుంచి పదిమంది దాకా జేఎల్‌జీ (ఉమ్మడి పూచీ) గ్రూపు కట్టి అప్పు కోసం బ్యాంకుకి వెళ్లండి. అక్కడ భూమి తాకట్టు అక్కర్లేదు, ఒకరికొకరు పూచీ ఉంటే చాలు.

మక్తా (కౌలు) డబ్బు చేతికివ్వకుండా ఆయన ఖాతాలో వేయండి. సాగు మీదేనని చూపడానికి అదొక రుజువు. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో సర్కారు నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఎవరి పేరు ఎక్కిందో ఈ వారమే చూసుకోండి, తప్పుంటే అభ్యంతరం రాసిచ్చి రశీదు తీసుకోండి.