టెక్ సందేహాలు: యాప్‌లో వీల్‌చైర్ గుర్తు ఉంది, గుమ్మం దగ్గర మెట్లూ ఉన్నాయి!

ఈ వారం వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే దారిలో ఉన్నాయి. నడవలేని అమ్మనో నాన్ననో ఊళ్ళు తిప్పాలి, లేదా తామే వీల్‌చైర్‌లో బయల్దేరుతున్నారు, దానికి ఫోన్ ఎంతవరకు పనికొస్తుందని అడుగుతున్నారు. అందుకే ఏ ఫోన్ కొనాలి, స్టోరేజీ ఎందుకు నిండిపోతోంది లాంటివి వచ్చే వారానికి వాయిదా వేసి వీటికే జవాబులు ఇస్తున్నా.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులతో నాలుగు మెట్లు కూడా ఎక్కలేదు, కాస్త దూరమైతే వీల్‌చైర్ కావాల్సిందే. గుంటూరు నుంచి హైదరాబాద్ తీసుకొస్తున్నాం, రెండు రోజులు ఉంటాం. వీల్‌చైర్‌తో వెళ్ళగలిగే చోట్లు గూగుల్ మ్యాప్స్‌లో తెలుస్తాయంటారు, నాకెక్కడా కనపడలేదు సర్.

కనపడదమ్మా, ఎందుకంటే ఆ సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. మ్యాప్స్ తెరిచి పైన మీ ఫొటో మీద నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, యాక్సెసిబిలిటీలో ‘యాక్సెసిబుల్ ప్లేసెస్’ ఆన్ చేయండి (వెర్షన్‌ని బట్టి పేర్లు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు). ఆ తర్వాత ఏ చోటు వెతికినా, ప్రవేశం దగ్గర మెట్లు లేవని సమాచారం ఉంటే వీల్‌చైర్ గుర్తు వస్తుంది, మెట్లున్నాయని తెలిస్తే అదే గుర్తు మీద గీత కొట్టి ఉంటుంది. ఏ గుర్తూ లేకపోతే మెట్లు లేవని కాదు, ఎవరూ చెప్పలేదని అర్థం. ఇంకో సంగతి, ఆ గుర్తు ప్రవేశం గురించే చెబుతుంది. టాయిలెట్, పార్కింగ్, కూర్చునే చోటు గురించి విడిగా ‘అబౌట్’లో చూసుకోవాలి.

ఈ సమాచారం యజమానులు, మనలాంటి వాళ్ళు నింపిందే, గూగుల్ వాళ్ళు టేపు పట్టుకుని వచ్చి కొలిచింది కాదు. అందుకే గుర్తు చూసి ఆగిపోకండి. రివ్యూల్లో వెతికే పెట్టె ఉంటుంది, అందులో ‘మెట్లు’, ‘లిఫ్ట్’, ‘వీల్‌చైర్’ అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కొట్టి చూడండి. జనం పెట్టిన ఫొటోల్లో కొత్తవి చూడండి. రోడ్డు మీద నిలబడి చూసినట్టు ఫొటోలు చూపించే స్ట్రీట్ వ్యూ కూడా బాగా పనికొస్తుంది. 2022 జులైలో మన దేశంలో మళ్ళీ మొదలైనప్పుడు తొలి పది నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది, కాబట్టి చాలా చోట్ల గేటు ముందు ఎన్ని మెట్లున్నాయో ఇంట్లో కూర్చునే లెక్కపెట్టొచ్చు. ఫొటో ఏ నెలలో తీశారో చూడటం మాత్రం మరిచిపోకండి.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్నది. చార్మినార్‌ని కింద నుంచి చూడటమే, పైకి 149 మెట్లు, అవీ ఇరుకైన మలుపు మెట్లు. గోల్కొండలో బాలాహిస్సార్ పైదాకా దాదాపు 360 మెట్లు, కింది భాగంలో కూడా రాతి నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, చిన్న చక్రాల వీల్‌చైర్‌తో నరకం. చప్పట్లు కొడితే పైన వినిపిస్తుందే, ఆ ప్రవేశ ద్వారం దగ్గర వరకు చూపించి వెనక్కి తిరగడం మంచిది. అమ్మగారికి నా ఓటు సాలార్‌జంగ్ మ్యూజియానికి. లిఫ్ట్, వీల్‌చైర్లు ఉన్నాయి, నేల చదునుగా ఉంటుంది, అలసిపోతే గంట కొట్టే గడియారం ముందు కూర్చోవచ్చు. శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

ఊళ్ళో తిరగడానికి మెట్రో స్టేషన్లలో లిఫ్ట్‌లున్నాయి, రైల్లో వీల్‌చైర్‌కి చోటుంది. చిక్కంతా స్టేషన్ బయటే, రోడ్డు దాటి అవతలి లిఫ్ట్ దగ్గరికి చేరడంలోనే సగం ఓపిక పోతుంది. అందుకని క్యాబ్ బుక్ చేసేటప్పుడు ‘ఫలానా స్టేషన్’ అని కాకుండా లిఫ్ట్ ఉన్న వైపు మ్యాప్‌లో పిన్ పెట్టి దింపమనండి.

ప్రశ్న: హోటల్ బుకింగ్ యాప్‌లో ‘వీల్‌చైర్ ఫ్రెండ్లీ’ అని టిక్ ఉంటే నమ్మొచ్చా? – వరంగల్ నుంచి

టిక్‌ని నమ్మకండి, అంకెల్ని నమ్మండి. చాలామంది దృష్టిలో ‘మా హోటల్లో లిఫ్ట్ ఉంది’ అంటే వీల్‌చైర్ ఫ్రెండ్లీ అయిపోయినట్టే, ఆ లిఫ్ట్ దాకా వెళ్ళడానికి ఐదు మెట్లున్నా సరే!

ముందు మీ వీల్‌చైర్ వెడల్పు కొలిచి పెట్టుకోండి, చక్రం తిప్పే చేతుల మందం కూడా కలుపుకోండి. మన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం తలుపు కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి, మన హోటళ్ళ బాత్‌రూమ్ తలుపులు అంత ఉండటం అరుదు. కాబట్టి ఫోన్ చేసి బాత్‌రూమ్ తలుపు ఎన్ని అంగుళాలు, లోపల మెట్టు ఉందా, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా అని అడగండి. అంతకన్నా మేలు, రోడ్డు మీద నుంచి గది బాత్‌రూమ్ వరకు ఆపకుండా ఒక వీడియో తీసి వాట్సాప్‌లో పంపమనండి. రిసెప్షన్ వాళ్ళు అర నిమిషంలో తీసి పంపిస్తారు. పంపడానికి నసిగారంటే మీకు జవాబు దొరికినట్టే.

ర్యాంప్ విషయంలోనూ ఇదే మెలిక. వాలు 1:12 మించకూడదన్నది లెక్క, అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. 15 సెంటీమీటర్ల మెట్టు మూడు ఉంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, దానికి 5.4 మీటర్ల ర్యాంప్ కావాలి. అక్కడ రెండు మీటర్ల రేకు వేసి ‘ర్యాంప్ ఉంది’ అంటారు, అది జారుడుబండ. ఐఫోన్‌లో ‘మెజర్’ యాప్‌లోనే లెవెల్ ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో అలాంటి ఉచిత యాప్ ఒకటి వేసుకోండి. ఫోన్‌ని ర్యాంప్ మీద పెడితే కోణం చూపిస్తుంది. ఐదు డిగ్రీల లోపు ఉంటే సొంతంగా ఎక్కొచ్చు. పది దాటితే వెనక ఒకరు కాదు, ఇద్దరు కావాలి.

ప్రశ్న: నాది మడత పెట్టే ఎలక్ట్రిక్ వీల్‌చైర్, లిథియం బ్యాటరీ, 24 వోల్టులు 12 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). విశాఖ నుంచి ఢిల్లీకి విమానంలో రానిస్తారా?

వోల్టుల్ని ఏహెచ్‌తో గుణించండి: 24 × 12 = 288 వాట్ అవర్లు. బ్యాటరీ ఊడదీసే రకమైతే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక్కో బ్యాటరీ 300 వాట్ అవర్ల దాకా ఉండొచ్చు, రెండు బ్యాటరీలతో నడిచే కుర్చీ అయితే ఒక్కోటి 160 మించకూడదు. మీది సరిపోతుంది. కానీ సరిగ్గా అంచున ఉంది కాబట్టి ‘ఇంకాస్త దూరం పోతుంది’ అని షాపువాడు 20 ఏహెచ్ బ్యాటరీ అంటగట్టబోతే ఒప్పుకోకండి, అది 480 అవుతుంది.

బ్యాటరీ విప్పి, టెర్మినళ్ళకు టేపు వేసి, మీతో పాటు క్యాబిన్‌లోకి తెచ్చుకోవాలి. కుర్చీ మాత్రం లగేజీలోకి వెళ్తుంది. విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు చెప్పి అనుమతి మెయిల్‌లో తీసుకోండి, ఫోన్‌లో ‘పర్వాలేదు సర్’ అన్న మాట కౌంటర్ దగ్గర చెల్లదు. అన్నిటికన్నా ఎక్కువ గొడవ వచ్చేది లేబుల్ దగ్గర. బ్యాటరీ మీద వోల్టులు, ఏహెచ్ అచ్చు వేసి లేకపోతే సెక్యూరిటీ వాళ్ళు మీ గుణకారం వినరు. తయారీదారు నుంచి ఆ వివరాలున్న కాగితం, వీలైతే రవాణా పరీక్ష సర్టిఫికెట్ తెప్పించుకోండి. జాయ్‌స్టిక్ ఊడితే ఊడదీసి చేతిలో పెట్టుకోండి, అప్పగించే ముందు కుర్చీని చుట్టూ వీడియో తీయండి, మోటార్‌ని న్యూట్రల్ చేసే మీట ఎక్కడుందో హిందీలో, ఇంగ్లీషులో రాసి అంటించండి. అది తెలియకే లాగి లాగి విరగ్గొడతారు.

ప్రశ్న: అమ్మానాన్నలు మొదటిసారి న్యూజెర్సీకి వస్తున్నారు. నాన్నగారు మెట్లు ఎక్కలేరు. టికెట్లో వీల్‌చైర్ పెట్టించమంటే మూడు రకాలు చూపిస్తోంది, ఏది పెట్టాలి? ఇక్కడ ఏం చూపించొచ్చు?

మూడు కోడ్‌లుంటాయి. చివరి అక్షరం ‘ఆర్’ అయితే మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు. ‘ఎస్’ అయితే మెట్లు కూడా ఎక్కలేరు, సీటు దాకా మాత్రం నడుస్తారు. ‘సీ’ అయితే సీటు వరకు ఎత్తుకెళ్ళాలి. నాన్నగారికి ‘ఎస్’ పెట్టండి. ‘ఆర్’ పెడితే, ఎక్కడైనా విమానాన్ని దూరంగా ఆపి నిచ్చెన మెట్లు వేసినప్పుడు ఆయన కింద నిలబడిపోతారు. అమ్మగారు బాగానే నడుస్తారా? అయితే ఆవిడకు వద్దు. ఇంగ్లీషు రాదు, తోడుగా ఎవరో ఒకరు ఉంటారని మనవాళ్ళు ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టించేస్తుంటారు, ఆ భయం నాకు అర్థమవుతుంది గానీ, నిజంగా నడవలేనివాళ్ళు గేటు దగ్గర గంటసేపు ఎదురుచూడటానికి అదీ ఒక కారణమే. ఆయన కుర్చీ వెంట ఆవిడ నడిచి వస్తే చాలు.

చూపించడానికి, అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ ఉచిత యాప్ వేసుకోండి. ప్రతి చోటికీ యాక్సెసిబిలిటీ అని విడిగా రాసి ఉంటుంది, లిఫ్ట్ ఎక్కడిదాకా, ఎక్కడ ఆగిపోతుంది అన్నంత వివరంగా. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీనే చూడండి, పీఠం లోపల లిఫ్ట్ ఉంది, పీఠం నుంచి కిరీటం దాకా మాత్రం 162 మెట్లు, లిఫ్ట్ లేదు. కాబట్టి పీఠం టికెట్ ముందే బుక్ చేయండి, కిరీటం వద్దు. నయాగరాలో మెయిడ్ ఆఫ్ ద మిస్ట్ పడవ దాకా లిఫ్ట్‌లో దిగొచ్చు. న్యూయార్క్ సబ్‌వేలో చాలా స్టేషన్లకు ఇప్పటికీ లిఫ్ట్ లేదు, ఉన్న లిఫ్ట్ ఆ పూట పనిచేస్తోందో లేదో సబ్‌వే నడిపే ఎంటీఏ సంస్థ సైట్‌లో చూసి బయల్దేరండి.

ప్రశ్న: తిరుమలలో వృద్ధుల దర్శనం స్లాట్ ఇప్పిస్తామని వాట్సాప్‌లో డబ్బులడుగుతున్నారు.

ఇవ్వకండి. 65 ఏళ్ళు దాటినవారికి, దివ్యాంగులకు ఉన్న కోటా ఉచితం, టీటీడీ సైట్‌లోనే నెలనెలా విడుదలవుతుంది. సైట్ చిరునామా చివర ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: ఒక మ్యూజియంలో ర్యాంప్‌కి గేటు పెట్టి తాళం వేశారు, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఎవరికి చెప్పాలి? – కర్నూలు నుంచి

2021లో కేంద్రం ‘సుగమ్య భారత్’ అని యాప్ తెచ్చింది, అందులో ఫొటోతో సహా ఫిర్యాదు చేయొచ్చు. ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద వాళ్ళ బాధ్యత. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కూడా, హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇచ్చిన నివేదిక చూసి, ఈ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకుండా తప్పనిసరి నిబంధనలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఫిర్యాదు పెట్టేటప్పుడు తాళం ఒక్కటే దగ్గరగా తీయకండి, ర్యాంప్, తాళం, మ్యూజియం బోర్డు మూడూ ఒకే ఫొటోలో పడేలా వెనక్కి జరిగి తీయండి, కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంచండి. అదే ఫొటో గూగుల్ మ్యాప్స్ రివ్యూలోనూ పెట్టేయండి, ఫిర్యాదు తేలేలోపు వచ్చేవాళ్ళకైనా తెలుస్తుంది.