రబ్బరు దాచేయండి, పాపతో కలిసి బొమ్మలు చూడండి

మీ ప్రశ్న: "మేం నెల్లూరులో ఉంటాం. పాపకి ఐదేళ్ళు. స్కూల్లో వేయకుండా నోటుబుక్కులు, చిత్రాలతో ఇంట్లోనే చదువు చెప్పుకోవచ్చా? టైమ్‌టేబుల్ ఎలా పెట్టుకోవాలి?"

చెప్పుకోవచ్చు. అనంతపురంలో మా పాపకి నాలుగేళ్ళుగా అలాగే చెబుతున్నాం, దానికి ఇప్పుడు తొమ్మిదో ఏడు. టైమ్‌టేబుల్ గురించి అంత టెన్షన్ వద్దు. ఐదేళ్ళ పిల్లకి పొద్దున గంటన్నర చాలు. అంతకుమించి కూర్చోబెడితే ఏడుపు తప్ప ఏమీ మిగలదు. "పదో తరగతి సంగతేంటి?" అని చుట్టాలు అడుగుతారు. ఓపెన్ స్కూల్ ఉంది, 14 నిండాక పరీక్ష రాస్తుంది. ఇప్పటినుంచే దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

నోటుబుక్కంటే కాలేజీ పిల్లలు వాడే సైన్సు రికార్డు పుస్తకం కొనండి. ఒక పేజీ తెల్లగా ఉంటుంది, ఎదురు పేజీకి గీతలుంటాయి. తెల్ల పేజీలో పాప బొమ్మ వేస్తుంది. గీతల పేజీలో అది చెప్పిన మాటలు మీరు రాయాలి, ఒక్క ముక్క కూడా దిద్దకుండా. రబ్బరు మాత్రం ఇంట్లో కనపడనివ్వకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదట్లో పాపను రెండు నెలలు ఒక డ్రాయింగ్ క్లాసుకి పంపాం. ఒకరోజు కాకిని వేసింది. మా పిట్టగోడ మీద రోజూ వాలే కాకే. మెడ దగ్గర బూడిద రంగు వేసింది. కాకి నల్లగానే ఉండాలని అక్కడ చెరిపించి, మొత్తం నలుపు పూయించారు. మన ఊరి కాకికి మెడ బూడిద రంగులోనే ఉంటుంది, రేపు పొద్దున మీరే చూడండి! పిల్ల కళ్ళారా చూసింది వేస్తే తప్పంటారా? ఆ మర్నాటి నుంచి మానిపించేశాను.

అసలు చెప్పాలనుకున్నది లేపాక్షి గుడి గురించి. పాపకి ఆరేళ్ళప్పుడు హిందూపురం మీదుగా బస్సులో తీసుకెళ్ళాను. వేలాడే స్తంభం చుట్టూ జనం. దాని కింద తువ్వాలు దూర్చి ఇటునుంచి అటు లాగడం, ఫోటో దిగడం, వెళ్ళిపోవడం. నెత్తిమీద కప్పంతా విజయనగర కాలం బొమ్మలు, దాదాపు 500 ఏళ్ళ నాటివి. తలెత్తేవాళ్ళే లేరు. నాకు ఎంత బాధేసిందో!

మా పాప మెడ నొప్పెడుతోందని రాతి నేల మీద వెల్లకిలా పడుకుంది. "గుళ్ళో పడుకోవడమేంటమ్మా, లేపు" అని ఒకావిడ కసిరింది. నేను లేపలేదు, పక్కనే నేనూ పడుకున్నాను. ఏమీ చెప్పకూడదని ముందే అనుకున్నాను కాబట్టి గుడి కట్టించిన విరూపణ్ణ కథ, అప్పటి రాజు అచ్యుతరాయల కథ ఏదీ ఎత్తలేదు. చాలాసేపటికి అదే అంది: "అమ్మా, వీళ్ళందరూ పక్కకే చూస్తున్నారు. మన వైపు ఎందుకు చూడట్లేదు?" నిజమే. పొడుగు కుళ్ళాయి టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, కొప్పుల ఆడవాళ్ళు, ఎవరిని చూసినా ముఖం పక్కకే తిరిగి ఉంది. అంతకుముందు రెండుసార్లు వెళ్ళాను గానీ నాకెప్పుడూ తట్టలేదు.

ఇంటికొచ్చాక వారం పాటు ఏమీ వేయలేదు. తర్వాత ఒకరోజు వాళ్ళ జేజి, అంటే మా అత్త, చాటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని వేసింది. అప్పటిదాకా దానికి ముఖమంటే ఒక సున్నా, రెండు చుక్కలు. ఈసారి ముఖం పక్కకి తిరిగింది, ఒక్కటే కన్ను, ముక్కు బయటికొచ్చింది. ఎదురు పేజీలో నాతో రాయించింది: "జేజికి రాయి దొరికింది. నన్ను చూడట్లేదు." ముక్కు మరీ పొడుగైందని నేను నోరు తెరిచేలోపే మా అత్త, "ఉండనీ, నా ముక్కు అంతే కదా" అంది. స్కూలు మానిపించామని అప్పటిదాకా ఆమెకు మామీద కోపం. ఆ పేజీ ఇప్పటికీ పక్కింటివాళ్ళకి చూపిస్తుంది.

ఒకసారికి ఒకే బొమ్మ, కాసేపు చూసి, తిప్పేసి, కనిపించింది చెప్పడం అనే పద్ధతి ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే ఆవిడ నేర్పింది. ఆవిడ 1923లోనే పోయింది. పద్ధతి బంగారం. కానీ డాలర్లు పోసి అక్కడి బొమ్మల సెట్లు తెప్పించుకునేవాళ్ళని చూస్తే నాకు కోపమొస్తుంది. మన చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్ళు కూడా నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన చిత్రాల గ్యాలరీ రాజమండ్రిలోనే ఉంది. మన పిల్లల్లో ఎంతమంది చూశారు? వడ్డాది పాపయ్య వేసిన పాత చందమామ అట్టలు ఎవరింటి అటకమీదైనా దొరుకుతాయి. మేం ఒక ఏడాదంతా వాటితోనే గడిపాం.

మీకైతే శ్రీకాళహస్తి దగ్గర. గూడూరు మీదుగా రైలుంది. కలంకారీ వేసేవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద ముందు చింతబొగ్గుతో గీస్తారు. తర్వాత వెదురు కలంతో కసిమి దించుతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టిన నీళ్ళే ఆ కసిమి. కరక్కాయ తగలగానే అది నల్లబడుతుంది, ఇక చెరపడం కుదరదు. కలం చుట్టూ కట్టిన గుడ్డని ఎలా నొక్కుతారో పాపని దగ్గరగా చూడనివ్వండి. రికార్డు పుస్తకం వెంట పట్టుకెళ్ళండి.